చలికాలం కాదు

పట్టకారు కొసన పురుగు మెలికలు తిరుగుతోంది. కౌసల్య దాన్ని గాజు పెట్టెలోకి దించి, రాజా మూతికి వేలెడు దూరంలో ఆపి, నెమ్మదిగా అటూ ఇటూ ఆడించింది. రాజా కళ్లు తెరిచి చూసింది. ఇదివరకైతే తోక కొస ఆడించి ఒక్క ఉదుటున అందుకునేది. ఇప్పుడు మూతి పక్కకు తిప్పుకుని, పెట్టె మూలకు నడిచి, ముందు కాళ్లతో అద్దాన్ని గోకడం మొదలుపెట్టింది.

రాజా బల్లి. ఇళ్లలో గోడల మీద పాకే బల్లి కాదు. జానెడు పొడవు, పసుపు ఒంటి మీద నల్ల మచ్చలు, ముల్లంగి దుంప లాంటి తోక. గోడలెక్కదు. కళ్లకు రెప్పలుంటాయి. కౌసల్య తమ్ముడు చరణ్ పోయినేడాది బెంగుళూరులో చేపలూ పక్షులూ అమ్మే అంగట్లో దాన్ని కొనుక్కొచ్చాడు. ఎవరైనా బల్లి అంటే వాడికి కోపం. లెపర్డ్ గెక్కో అనాలి.

"రేయ్ చరణ్, ఈ పొద్దు గూడా తిన్లేదు రా. తొమ్మిదో దినం," అంది కౌసల్య.

చరణ్ వైర్ల చుట్టలు సంచిలో కుక్కుతున్నాడు. మదనపల్లె బస్టాండు దగ్గర వాడికో నెట్ సెంటర్ ఉంది. కుప్పంలో ఒక కాలేజీ వాళ్లు కంప్యూటర్లు బిగించి ఇమ్మన్నారు. వారం పని. ఏడు గంటల బస్సు అందుకోవాలి.

"చలికాలమక్కా. ఈ జాతి చలికాలంలో తిండి తగ్గించేస్తాది. నెట్‌లో ఎంతమంది రాసినారో ప్రింటు తీసి చూపించినా గదా."

"తిండి తగ్గితే చిక్కిపోవాల గదా. కడుపు సూడు, లావైతాండాది."

"కొవ్వు."

"తినకుండా కొవ్వు యాడ్నుంచి వస్తాది?"

చరణ్ సంచి మీదికి వంగాడు. సంచి జిప్పు మధ్యలో ఇరుక్కుంది. దాన్ని వెనక్కీ ముందుకీ లాగుతున్నాడు. కౌసల్య వచ్చి, రెండు వేళ్లతో గుడ్డ పక్కకు తప్పించి, జిప్పు చివరిదాకా లాగి పెట్టింది.

"మూలన గోకుతాండాది, సూడు. పొద్దస్తమానమూ అదే పని. గుడ్డు పెట్టే కోడి తావు వెతుక్కుంటాది గదా, ఆ మాదిరి."

వాడు నవ్వాడు. "అది మగదక్కా! అంగడాయనే చెప్పినాడు. పేరే రాజా!"

"పేరు పెట్టింది నువ్వు. దానికేం తెలుసు?"

చరణ్ ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టె అద్దానికి అంటించాడు. పగలు బల్బు వెలగాలి. నీళ్లు మార్చాలి. రోజుకు రెండు పురుగులు చూపించాలి, తినకపోతే తీసేయాలి. ఇంకేమీ చేయకూడదు. చివరి వాక్యం కింద రెండు గీతలు గీశాడు.

"శనివారం వచ్చేస్తా. అంతవరకూ నువ్వు దాన్ని ముట్టుకోవద్దు. ప్రయోగాలు చేసేది కాదక్కా ఇది, చచ్చిపోతాది," అని చెప్పులేసుకున్నాడు.

*

నీరుగట్టువారిపల్లెలో వాళ్లుండే అద్దె ఇంటికి ముందు గది ఒకటే పెద్దది. అందులో ఒక గోడకు కౌసల్య కుట్టు మిషను, దాని పక్కనే బల్ల మీద రాజా పెట్టె. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా చుట్టుపక్కల ఇళ్లలో మగ్గాలు టకటకమంటూనే ఉంటాయి. అవి ఆగినప్పుడల్లా రాజా గోకుతున్న చప్పుడు వినిపించేది. సన్నగా, కాగితం మీద గోరు రాసినట్టు.

మరునాడు, మంగళవారం, కౌసల్య పెళ్లివాళ్ల జాకెట్లకు హుక్కులు కుడుతోంది. మధ్యాహ్నం మగ్గాలు భోజనానికి ఆగాయి. గోకుడు వినిపించలేదు. ఆమె సూది జాకెట్టులోనే వదిలేసి లేచింది.

రాజా మూలనే ఉంది. గోకబోయి ఆగినట్టు ఒక కాలు ఎత్తి పెట్టుకుంది. వెనక కుడి కాలి చిటికెన వేలు అదురుతోంది. ఆగింది. మళ్లీ అదిరింది. ఆ అదురు మడమ దాకా పాకి ఆగిపోయింది.

కౌసల్య ఊపిరి బిగబట్టి చూసింది. ఆ వణుకు ఆమెకు తెలుసు. చౌడేపల్లె దగ్గర సొంతూళ్లో వాళ్ల కొట్టంలో ఈనిన మరుసటి రోజు ఆవు తొడ అట్లాగే అదిరేది. చెవులు చల్లబడేవి. ఆ పొద్దుకి గమనించకపోతే సాయంత్రానికి కూలబడి, మెడ పక్కకు వాల్చేసేది. పాల జ్వరం అనేవాళ్లు. పేరుకే జ్వరం, ఒళ్లు మాత్రం చల్లగా ఉండేది.

తమ్ముడు అంటించిన కాగితాన్ని పట్టించుకోకుండా, పెట్టె మూత తీసి, అరచెయ్యి రాజా పొట్ట కింద పెట్టి పైకెత్తింది. అది పెనుగులాడలేదు. బల్బుకు ఎదురుగా పట్టుకుని కింద నుంచి చూసింది. పల్చటి పొట్ట చర్మం లోపల, ఎడమన ఒకటి, కుడిన ఒకటి, చిక్కుడు గింజలంత తెల్లటి ముద్దలు. కింది దవడను చూపుడు వేలితో తాకింది. తడిసిన అట్టముక్కలా మెత్తగా లోపలికి పోయింది. ఆమె గబుక్కున వేలు తీసేసింది.

చరణ్‌కు ఫోన్ చేసింది. నాలుగోసారికి కలిసింది.

"కుప్పంలో సిగ్నల్ సరిగా లేదక్కా, బిన్నా చెప్పు, మళ్లీ తెగిపోతాది."

"కాళ్లు వణుకుతాండాయి రా దానికి. దవడ మెత్తబడింది. కడుపులో గుడ్లుండాయి, నేను చూసినా. రెండు."

"మగ గెక్కోకి గుడ్లు యాడ్నుంచి వస్తాయక్కా?"

"మగదని ఎవురు చెప్పినారు? అంగడోడు. వాడు అమ్ముకునేవాడు."

"సరే, ఆడదే అనుకో. ఒంటరిగా ఉండాది గదా. మగది లేకుండా గుడ్లెట్ల పెడతాది?"

"ఫారం కోడి పెడతాండ్లేదా? పుంజును యాడన్నా చూసినావా ఆడ?"

ఫోన్లో గరగరమంది. తరువాత వాడి గొంతు దూరం నుంచి వచ్చింది. "నీకు అర్థం కాదులే అక్కా. అదంతా ఇంగ్లీషులో ఉండాది. నేనొచ్చి చూస్తా. నువ్వు మాత్రం చెయ్యి పెట్టొద్దు."

ఫోను తెగిపోయింది. కౌసల్య మళ్లీ చేయలేదు. మిషను ముందు కూర్చుని హుక్కు కుట్టింది. కుట్టాక చూస్తే ఎడమ అంచుకు కుట్టాల్సింది కుడి అంచుకు కుట్టేసింది. దారం పళ్లతో కొరికి మొత్తం పీకేసింది.

*

బుధవారం పొద్దున్నే పాత ఐస్‌క్రీమ్ డబ్బా మూతకు సూదితో కన్నాలు పొడిచి, లోపల మెత్తటి పాత చీర ముక్క పరిచి, రాజాను అందులో పెట్టింది. చలిగాలి తగలకుండా డబ్బాను కొంగు కింద పెట్టుకుని బయలుదేరింది. పక్కింటి నారాయణమ్మ గుమ్మంలో నీళ్లు చల్లుతూ, "పొద్దున్నే యాడికి పోతాండావమ్మా, టిఫినా?" అంది. కౌసల్య అవునంది.

మదనపల్లెలో కుక్కలకు వైద్యం చేసే డాక్టరొకాయన ఉన్నాడు. మొదట ఆయన దగ్గరికే పోయింది. గంటసేపు బెంచీ మీద కూర్చుంది. ఆమె తరువాత వచ్చిన ఇద్దరు కుక్కలతో లోపలికి పోయి వచ్చారు. ఆమె వంతు వచ్చి మూత తీయగానే డాక్టరు కుర్చీ వెనక్కి జరిపాడు.

"బల్లికా?"

"బల్లి కాదు సార్, లెపర్డ్ గెక్కో," అంది. తమ్ముడి మాట తన నోటి నుంచి వచ్చినందుకు ఆమెకే ఒళ్లు మండింది. "పదకొండు దినాలుగా తిన్లేదు. కాళ్లు అదురుతాండాయి. గుడ్లుండాయి కడుపులో."

"గుడ్లున్నాయని ఎవరు చెప్పారు?"

"నేనే చూసినా."

"ఇది ఎవరిది?"

"మా తమ్ముడిది."

"అతన్ని రమ్మనండి. ఏం పెడుతున్నాడో, ఎక్కడ కొన్నాడో అన్నీ తెలియాలి."

"పెట్టేది నేను సార్. పురుగులు పెంచేది నేను, ఏరేది నేను, పెట్టె కడిగేది నేను. అడగండి, చెప్తా."

ఆయన అప్పటికే చేతులు కడుక్కుంటున్నాడు. "అతను వచ్చాక చూద్దాం," అన్నాడు అద్దంలోకి చూస్తూ.

బయటికొచ్చి మెట్ల మీద నిలబడింది. ఇంటికి పోతే అంటించిన కాగితం ఉంటుంది. శనివారం దాకా ఆగితే రాజా ఉండదు. ఎదురుగా పుంగనూరు బస్సు రోడ్డు మలుపు తిరుగుతోంది. చెయ్యెత్తింది.

బస్సు కిటికీకి అద్దం లేదు. ఆమె లోపలి వైపు సీటు అడిగి తీసుకుని, డబ్బాను పొట్టకు ఆనించుకుని రెండు చేతులూ చుట్టూ వేసింది. మధ్యలో ఒకసారి మూత కొంచెం ఎత్తి చూసింది. రాజా చీర ముక్కలో తల దూర్చి పడుకుంది. పక్కన కూర్చున్నామె వంగి చూసి, లేచి వెనక సీటుకు పోయింది.

పుంగనూరులో గురప్పకు పశువుల మందుల అంగడి. పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా పని చేసి రిటైరైనవాడు. చౌడేపల్లె చుట్టుపక్కల ఊళ్లలో ఆయన చెయ్యి పడని ఆవు లేదు. కౌసల్య పోయేసరికి మందు బుడ్ల మీద దుమ్ము తుడుస్తున్నాడు.

"రామ్మా కౌసల్యా! ఎన్నాళ్లకు! ఆవులు మళ్లా పెట్టినారా?"

"ఆవు కాదప్పా." ఆమె డబ్బా బల్ల మీద పెట్టి మూత తీసింది. నవ్వుతాడేమోనని ముందే మొహం గట్టిగా పెట్టుకుంది.

గురప్ప నవ్వలేదు. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకుని, వంగి, చాలాసేపు చూశాడు. వెనక కాలు అదిరింది. ఆయన తల పక్కకు వంచి ఇంకోసారి అదిరేదాకా ఆగాడు.

"ఇట్లాంటిదాన్ని నేనెప్పుడూ చూళ్లేదమ్మా. నువ్వు ఏమనుకుంటాండావు?"

రెండు రోజులుగా ఆ మాట ఎవరూ అడగలేదు. ఆమె డబ్బాను ఆయన వైపు ఇంకొంచెం జరిపింది.

"ఆవుకి పాల జ్వరం వస్తే తొడ అదురుతాది గదప్పా, అట్లే ఉండాది. దవడ మెత్తబడింది. కడుపులో రెండు గుడ్లుండాయి. గుడ్డు పెంకుకు ఒంట్లో ఉండే సున్నమంతా పోయినట్టుండాది."

"ఏం పెడతాండావు?"

"తవుట్లో పెంచిన పురుగులు. అంతే."

"వట్టి పురుగులా? పాలిచ్చే ఆవుకి వట్టి గడ్డేసినట్ల. ఇంక ఎముకకు యాడ్నుంచి వస్తాది?" ఆయన లేచి అరలో వెతికి ఒక కాల్షియం బుడ్డి తీశాడు. "నువ్వే అంతా చెప్పినావు గదమ్మా. ఈడిదాకా యాల వచ్చినావు?"

"ఎవురన్నా ఒకరు అవునంటారేమోనని."

గురప్ప ఒక చిన్న గిన్నెలో మందు కొంచెం పోసి, కాచి చల్లార్చిన నీళ్లు కలిపి, చుక్కలేసే గొట్టంలోకి పీల్చాడు. "దీనికి ఎంత వేయాలో నాకు తెల్దు. కొంచెంతో మొదలుపెడదాం. బలవంతంగా నోట్లో పోయొద్దు, ఊపిరి గొట్టంలోకి పోతాది. పెదవి అంచున ఒక్క చుక్క పెట్టు, అదే నాక్కుంటాది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. తొందరపడి ఎక్కువ పోయొద్దు. ఆవుకే నరంలో బిన్నా ఎక్కిస్తే గుండె ఆగిపోతాది."

ఆమె గొట్టం తీసుకుని పెదవి అంచున చుక్క నిలిపింది. కొంతసేపు ఏమీ జరగలేదు. తరువాత గులాబీ రంగు నాలుక బయటికి వచ్చి చుక్కను తుడిచేసింది. గురప్ప, కౌసల్య ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

"గుడ్లు పెట్టేదానికి తావు లేకనే గోకుతాండాది అది," అన్నాడు గురప్ప. "మెత్తని తావు చేసియ్యి. వెచ్చగా ఉండనీ. తినేది మొదలుపెట్టినాక పురుగుల్ని గుడ్డు పెంకుల పొడిలో దొర్లించి పెట్టు."

*

ఇంటికొచ్చి డబ్బాకు పక్కన రాజా దూరేంత కన్నం కోసింది. కొబ్బరి పొట్టు తడిపి, పిడికిట పట్టి నీళ్లు కారకుండా పిండి, డబ్బాలో నాలుగు వేళ్ల మందాన నింపింది. పెట్టెలో బల్బు వెలుగు పడేచోట పెట్టింది. లోపలికి చూసేదానికి అడ్డంగా ఉందని అద్దానికి అంటించిన కాగితం పీకి మిషను సొరుగులో పడేసింది.

గురువారం పొద్దున పది గంటలకు కరెంటు పోయింది. ఆ సంవత్సరం రోజుకు నాలుగు గంటల కోత. డిసెంబరు చలికి పెట్టె అద్దం చల్లబడింది. కౌసల్య ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు రాజేసి, దాని కింద పెంకు ముక్క పెట్టి వేడి చేసి, నాలుగు పొరల గుడ్డలో చుట్టి, తన చెంపకు ఆనించి చూసుకుని, డబ్బా కిందికి జరిపింది. చల్లారగానే ఇంకో పెంకు. ఆ మధ్యలో పెళ్లివాళ్లు జాకెట్ల కోసం వచ్చి, బొగ్గుల ఇస్త్రీ పెట్టె కింద పెంకులు చూసి, ఆమె మొహం చూసి, సాయంత్రం వస్తామని వెళ్లిపోయారు.

రాజా కన్నంలో తల పెట్టి చూసింది. వెనక్కి వచ్చింది. మళ్లీ పోయింది. మధ్యాహ్నం దాటాక లోపలికి దూరి బయటికి రాలేదు. కొబ్బరి పొట్టు కన్నంలోంచి కొంచెం కొంచెంగా బయటికి ఎగిరిపడుతుంటే కౌసల్య మిషను తొక్కడం ఆపేసింది.

నాలుగున్నరకు రాజా బయటికి వచ్చింది. పొట్ట ఒక పక్క లోపలికి పోయింది. ఇంకో పక్క అట్లాగే ఉబ్బి ఉంది. మందు చుక్క నాకి, నీళ్ల గిన్నె పక్కన పడుకుంది. రెండో గుడ్డు శుక్రవారం పొద్దున పడింది. కౌసల్య డబ్బా మూత తీసి చూసింది. రెండూ వేలి కొసంత పొడవు. ఒకటి తెల్లగా, నిండుగా ఉంది. రెండోది పెంకు పట్టక, గాలి తీసిన బుడగలా సొట్టపోయి ఉంది.

శనివారం పొద్దున పట్టకారుతో పురుగును దించింది. గురప్ప చెప్పినట్టు దాన్ని గుడ్డు పెంకుల పొడిలో దొర్లించింది. రాజా తోక కొస ఆడించింది. అందుకోబోయి ఒకసారి తప్పింది. దవడ కొంచెం పక్కకు పోయింది కాబట్టి ఇక మీద అది అట్లాగే తప్పుతూ ఉంటుందేమో. రెండోసారి దొరికింది. కౌసల్య నేల మీద కూర్చుండిపోయి, అది నమిలి మింగేదాకా కదల్లేదు.

*

చరణ్ సాయంత్రం వచ్చాడు. కౌసల్య జరిగింది చెబుతుంటే గుడ్ల మీదికి వంగి చూశాడు. తరువాత సెల్ ఫోన్ తీసి పది ఫొటోలు తీశాడు. "బతికింది గదక్కా. అదే చాలు," అన్నాడు. భోజనం దగ్గర కుప్పం కాలేజీ సంగతులు చెప్పాడు. కౌసల్య వాడి నుంచి ఎదురుచూసిన మాట ఆ రాత్రి రాలేదు. ఆదివారం పొద్దున కూడా రాలేదు.

మధ్యాహ్నం ఆమె క్యారియర్ తీసుకుని నెట్ సెంటర్‌కు పోయింది. ఎవరూ లేరు. చరణ్ లోపలి కంప్యూటరు ముందు కూర్చుని తనలో తాను నవ్వుకుంటున్నాడు. తెర మీద రాజా ఫొటో. దాని కింద గుడ్లు. దాని కింద ఇంగ్లీషు.

"అక్కా, సూడు! గెక్కోలు పెంచేవాళ్ల గుంపు ఇది. ఎన్ని దేశాల వాళ్లో! రాత్రి భోంచేసినాక ఈడికొచ్చి మన రాజా గురించి రాసినా. పదిహేడు మంది జవాబులిచ్చినారు. శానా బాగా కనిపెట్టినావని మెచ్చుకుంటాండారు."

"ఎవుర్ని?"

చరణ్ తెర వైపే చూశాడు.

కౌసల్య క్యారియర్ కింద పెట్టి, వంగి, తెరకు దగ్గరగా మొహం పెట్టింది. ఏడో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు వాక్యాలు అర్థం కావు కానీ అక్షరాలు తెలుసు. చూపుడు వేలు తెర మీద పెట్టింది.

"ఈ నిలువు గీత ఐ గదా? ఐ అంటే నేను."

"అవునక్కా."

"ఈడ ఒకటి. ఈడ ఒకటి. దీని కింద రెండు." వేలు కిందికి జరిగింది. "అన్నీ నువ్వేనా?"

"ఇంగ్లీషులో అట్లే రాస్తారక్కా…"

"మా అక్క అనేదానికి ఇంగ్లీషులో మాట లేదా?"

చరణ్ చెవులు ఎర్రబడ్డాయి. మౌస్ మీద చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. బయట ఎవరో వచ్చి సిస్టం ఖాళీ ఉందా అని అడిగితే లేదన్నాడు. అన్నీ ఖాళీగానే ఉన్నాయి.

"ఒకామె ఏదో అడుగుతాంది," అన్నాడు కొంతసేపయ్యాక, గొంతు తగ్గించి. "ఆమె గెక్కో కూడా పన్నెండు దినాలుగా తిన్లేదంట. చలికాలమని ఊరకున్నారంట. ఇప్పుడు వణుకుతాంది. ముందుగాల ఏం కనపడింది, ఏమేసినారు, ఎన్ని చుక్కలు, అన్నీ అడుగుతాంది. రాత్రి నుంచి మూడుసార్లు అడిగింది. నేను… నాకు తెల్దు గదా, ఏమీ రాయలేదు."

"రాత్రి నుంచా?"

"ఆ."

"అది చచ్చిపోతే ఏం చేస్తావురా?" అంది కౌసల్య. ఆమె గొంతు పెద్దదైంది. "నన్ను అడిగేదానికి నీకు అంత నామోషీ అయిందా? ఒక రాత్రంతా పోగొట్టినావే!"

వాడు తల ఎత్తలేదు. ఆమె పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. కోపం తగ్గలేదు. కానీ తెర మీద ఆ ముక్కూమొహం తెలియని ఆడమనిషి రాసిన నాలుగు వరుసలు కనిపిస్తున్నాయి. ఎక్కడో ఏదో ఊళ్లో ఆమె కూడా ఒక గాజు పెట్టె ముందు కూర్చుని ఉంటుంది.

"రాయి," అంది. "ముందు, ఇది మా అక్క చూసింది, నేను కాదు అని రాయి. ఆ మాట లేకుంటే నేను ఇంకొకటి చెప్పను."

చరణ్ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. టకటకమని కొట్టాడు. ఆగాడు. కొట్టింది చూపించాడు. ఆమెకు చదవడం రాలేదు కానీ వాక్యం మొదట్లో నిలువు గీత లేదని చూసుకుంది.

"ఇప్పుడు సోమవారం నుంచి రాయి. చలికాలం కాదు అని నేనన్నది, చలికాలమే అని నువ్వన్నది, రెండూ రాయి."

"అది గూడా యాలక్కా?"

"ఆమె ఇంట్లో గూడా ఎవుడో ఒకడు చలికాలమని అంటాంటాడు. వాడు చదవాల."

చరణ్ రాశాడు. ఆమె చెప్పింది చెప్పినట్టే, ఒక్కొక్క వాక్యానికీ ఆగి రాశాడు. తినకపోయినా కడుపు లావెక్కడం, మూలన గోకడం, బల్బుకు పట్టి చూడటం. కాల్షియం దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆపి, కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు.

"అక్కా, వణుకు ముందుగాల యాడ వచ్చింది?"

"వెనక కుడి కాలు. చిటికెన వేలు," అంది కౌసల్య. తన చేతి చిటికెన వేలు ఎత్తి, అది ఎట్లా అదిరిందో వాడికి చూపించింది. చరణ్ వంగి చూసి, మళ్లీ కీబోర్డు వైపు తిరిగాడు.